కల్పితభాషలకు ఒక చిఱుపత్రిక

వైశాఖ శుద్ధ దశమినాడు బ్రహ్మంగారిమఠమున జరుగు ఆరాధనకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండి పోవువారు మీలో ననేకు లుందురు. పూర్వము కందిమల్లాయపల్లె యని పిలువబడిన యా గ్రామమున వీరబ్రహ్మేంద్రస్వామివారు సజీవసమాధి నొందిరని భక్తుల విశ్వాసము. దర్శనమైన పిమ్మట జనులు చెట్లనీడల గూర్చుండి కాలజ్ఞానమును గూర్చి మాటలాడుకొనుట వాడుక. ఒక సంవత్సర మట్టి గోష్ఠిలో నేనును గూర్చుంటిని. ఒక వృద్ధుడు తన తాతగారినాటి చేతివ్రాత ప్రతిని, మఱియొకరు అంగడిలో గొన్న అచ్చుపుస్తకమును పట్టుకొనియుండిరి. ఒకరు చదివినది రెండవవారి పుస్తకమున లేదు. రెండవవారు చదివిన వాక్యములు కొన్ని మొదటివారి ప్రతిలో గానరాలేదు. అంత నొక యువకుడు, "పెద్దయ్యా! ఇందులో స్వామివారి మాట యేది, తరువాతివారు చేర్చినది యేది?" అని యడిగెను. అందఱును వానివంక నొకింత కోపముతోనే చూచిరి గాని సమాధానము చెప్పినవారు లేరు.

ఆ ప్రశ్న నన్ను విడువలేదు. దూరదేశమున నొక చిన్నపత్రికవారు ఇట్టి ప్రశ్ననే తలకెత్తుకొని, దశాబ్దములకొలది శ్రమపడిన వృత్తాంతము నాకు తెలియును. దానినే యీ ప్రసంగమున మీకు విన్నవింపగోరుచున్నాను. ఆ పత్రిక విషయము వినినంతనే మీకు నవ్వు రావచ్చును. ఏలయన, అది యొక్క మనుష్యుడు తన గదిలో గూర్చుండి కల్పించిన భాషలకే అంకితమైన పత్రిక. ఆ భాషలను తల్లియొడిలో నేర్చిన శిశువు భూమిమీద లేడు. వానిలో బేరమాడిన వర్తకుడు లేడు, దావా వ్రాసిన వకీలు లేడు. అయినను వాని విభక్తులను గూర్చియు, ధాతువులను గూర్చియు పుటలకొలది చర్చలు ఆ పత్రికలో అచ్చుపడినవి.

కల్పితభాష యనగానే మనకు పొత్తులేని సంగతి యని తలపవలదు. 2015వ సంవత్సరము జూలై నెలలో వెలువడిన బాహుబలి చలనచిత్రమును చూడని యూరు మన సీమలో అరుదు. అందు కాలకేయులు మాటలాడిన కిలికి భాష ఏ దేశమువారిదియు గాదు. మదన్ కార్కి యను తమిళకవి ఆ చిత్రముకొఱకు కూర్చినది. దానికి సుమారు 750 పదములును, 40 వ్యాకరణసూత్రములును ఏర్పఱచినట్లు ప్రకటించిరి. ఆ దినములలో పిల్లలు వీధులవెంట ఆ మాటల నఱచుచు యుద్ధక్రీడ లాడిరి. అర్థము తెలియకపోయినను, అది వట్టి కూత కాదనియు, లోపల నేదో కట్టుబాటు గలదనియు మన చెవులకే తోచెను. 2020వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన, అనగా మాతృభాషా దినమున, దానికి లిపిని సైతము సమకూర్చి, కోరినవారు నేర్చుకొనుటకు వీలు గల్పించిరి. కథకొఱకు పుట్టిన భాష కథ ముగిసినను చావలేదన్నమాట.

నేను చెప్పబోవు ఆంగ్లేయుని విషయమున సంగతి తలక్రిందులు. ఆయన కథకొఱకు భాషను జేయలేదు. తాను జేసిన భాషలకు నివసించుటకొక లోకము గావలెనని కథలు వ్రాసెను. ఈ మాట ఆయన తానే పలుమాఱులు చెప్పుకొనెను. లోకులు మాత్రము చాలకాలము నమ్మలేదు.

ఆయన పేరు జె. ఆర్. ఆర్. టోల్కీన్. 1892వ సంవత్సరము జనవరి 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటీన్ నగరమున జన్మించెను. నాలుగేండ్లు నిండి కొలదికాలము గడవకమునుపే తండ్రియు, పండ్రెండవయేట తల్లియు గతించిరి. లాటినుభాషలో తొలిపాఠములు చెప్పినది ఆ తల్లియే. తరువాత బర్మింగుహాము నగరమున నొక క్రైస్తవ మతాచార్యుని సంరక్షణమున పెరిగెను. బాల్యమున దాయాదులైన బాలికలు జంతువుల పేళ్లతో నొక దొంగభాష గట్టుకొని మాటలాడుచుండగా విని నేర్చెను. మన పిల్లలును ప్రతి యక్షరమునకు ముందొక "క" చేర్చి పెద్దలకు తెలియకుండ మాటలాడుకొందురుగదా, అట్టిదే. తక్కిన పిల్లలు పెద్దవారై దానిని మఱచిరి. ఈతడు మఱువలేదు. ఆక్సుఫర్డులో విద్యార్థిగా నుండినప్పుడు కళాశాల పుస్తకశాలలో ఫిన్నిష్ భాషావ్యాకరణ మొకటి చేతికి దొరకెను. ఆ భాషాధ్వనులు ఆయన చెవి కమృతప్రాయమయ్యెను. ఆ మాధుర్యమునే మనసున నుంచుకొని, 1915వ సంవత్సరమున తన మొదటి గొప్ప కల్పితభాషకు నిఘంటువు వ్రాయ నారంభించెను. ఆ భాషకు క్వెన్యా యని పేరు.

మఱుసటి సంవత్సరమే యుద్ధము. 1916లో ఫ్రాన్సుదేశమున సోమ్ నదీప్రాంతమందలి ఘోరసంగ్రామములో ఆయన సైనికాధికారిగా నుండెను. కందకములలో వ్యాపించు జ్వరము సోకి, ఆ యేటి చివర ఇంగ్లాండునకు మరలి వచ్చెను. స్నేహితులు పెక్కురు మరలి రాలేదు. కోలుకొనుచున్న దినములలోనే, 1917లో, రెండవ భాషకు నిఘంటువు వ్రాసెను. అది వేల్సుదేశపు భాషాధ్వనుల ననుసరించినది. 1931లో నొక సభయందు తన యీ రహస్యవ్యసనమును గూర్చి ఉపన్యసించుచు ఆయన యొక ముచ్చట చెప్పెను. సైనికశిక్షణ కాలమున, ఒక గుడారమున ఎవరో యధికారి విసుగుపుట్టించు పాఠము చెప్పుచుండగా, ప్రక్కన గూర్చున్న యొక చిన్నవాడు తనలో తాను, ద్వితీయావిభక్తిని పదమునకు ముందు చేర్చు ఉపసర్గముతో తెలుపుదునని గొణిగికొనెనట. ఈయన చెవులు నిక్కించెను. ఆ చిన్నవాడు సిగ్గుపడి మఱి నోరు తెఱవలేదు. బాలవ్యాకరణము వల్లెవేసిన పెద్దలు ఆ చిన్నవాని యానందమును గ్రహింపగలరు. ని, ను, ల, కూర్చి, గుఱించి యని మనము వల్లించిన ప్రత్యయములను తనకు తానుగా ఎన్నుకొను స్వాతంత్ర్యము వానికి లభించినది!

టోల్కీన్ వృత్తిచేత భాషాశాస్త్రజ్ఞుడు. కొంతకాలము ఆక్సుఫర్డు ఆంగ్లనిఘంటువు కార్యాలయమున పనిచేసి, లీడ్సు విశ్వవిద్యాలయమున బోధించి, 1925 మొదలు 1959 వఱకు ఆక్సుఫర్డులో ఆచార్యుడుగా నుండెను. కావున ఆయన మాటలను ఊరక పేర్చలేదు. ఒక మూలభాషను భావించి, అందుండి రెండు మూడు పుత్రికాభాషలను, కాలక్రమమున ధ్వనులు మాఱిన తీరున, నియమము తప్పక పుట్టించెను. ఇది యెట్లనగా మన సరిహద్దునుండియే దృష్టాంతము చెప్పవచ్చును. మనము పాలు అన్నదానిని కన్నడిగులు హాలు అందురు. మన పులి వారికి హులి, మన పంది వారికి హంది. హళగన్నడమునందు అవియును పకారాదులే. ఒకచోట పకారము హకారమైనదని తెలిసినవాడు, తక్కిన మాటలనుగూడ కొంతవఱకు ఊహింపగలడు. టోల్కీన్ భాషలలోను ఇట్లే. క్వెన్యాలో హంసకు అల్క్వా యని పేరు. దాని సోదరభాషయైన సిందారిన్‌లో ఆల్ఫ్ అని పేరు. మూలభాషలోని క్వకారము ఒకచోట నిలిచెను. వేఱొకచోట పకారమై, లకారము ప్రక్క నుండుటచే ఫకారముగా మాఱెను. ఇట్టి యనుబంధము ఒకటి రెండు మాటలలో గాదు, వేలకొలది మాటలలో గలదు.

ఈ భాషలను మాటలాడువారుగా ఎల్ఫు లను జాతిని కల్పించెను. వారు మన గంధర్వయక్షాదులవంటివారు, వార్ధక్య మెఱుగనివారు. 1937లో "హాబిట్" అను బాలకథయు, 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" అను బృహత్కథయు వెలువడినవి. లోకము కథను జూచి మెచ్చెను. కథలో అచ్చటచ్చట మెఱసిన పద్యములు, పేళ్లు, పలుకరింపులు ఒక పెద్ద భాండాగారమునుండి జాఱిన గింజలని గ్రహించినవారు మాత్రము కొలదిమందియే. 1973వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన ఆయన గతించునప్పటికి, వ్యాకరణములు, నిఘంటువులు, చిత్తుకాగితములు పెట్టెలకొలది మిగిలియుండెను.

ఇచ్చట గుణాఢ్యుని కథ జ్ఞప్తికి రాకమానదు. శాతవాహనుని కొలువున పందెమోడి, సంస్కృత ప్రాకృత దేశభాషలను మూటిని త్యజించి, పైశాచీభాషలో బృహత్కథను వ్రాసినట్లు పెద్దలు చెప్పుదురు. రాజు ఆ భాషను నిరాకరింపగా, మృగములకు చదివి వినిపించుచు ఏడులక్షల గ్రంథములో ఆఱులక్షలను అగ్నికి ఆహుతి జేసెనట. మిగిలిన లక్షయు మూలరూపమున నేడు మనకు లేదు. చదువువారు లేని భాషలో వ్రాసిన కాగితములకు ఎట్టి యపాయము గలదో చెప్పుటకు అంతకంటె మంచి కథ లేదు. టోల్కీన్ కాగితముల కట్టి గతి పట్టలేదు. "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" వ్రాతప్రతులను అమెరికాలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయము 1957లోనే 1,500 పౌండ్లకు కొని భద్రపఱచెను. మిగిలిన కాగితములలో పెక్కు ఆక్సుఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమునకు జేరినవి. వానిని చదివి, క్రమముగ బయటపెట్టు భారమును ఆయన కుమారుడు క్రిస్టఫర్ టోల్కీన్ వహించెను. 1983 మొదలు 1996 వఱకు పండ్రెండు సంపుటములు ఆయన ప్రకటించెను. కాని కథాభాగములే ఒక జీవితకాలపు పని. భాషల కాగితములు మిగిలియే యుండెను.

ఇంతకును పత్రికయొద్దకు వత్తము. నిజమునకు అవి యొకటి కాదు, అక్కచెల్లెండ్రవలె రెండు. 1971లో, గ్రంథకర్త బ్రదికియుండగనే, అమెరికా పశ్చిమతీరమున కాలిఫోర్నియాలో ఆయన కథలయందు ప్రీతిగల కొందఱు యువకులు "పార్మా ఎల్డలాంబెరోన్" అను పత్రికను స్థాపించిరి. క్వెన్యాభాషలో పార్మా యనగా పుస్తకము, మొత్తము పేరునకు ఎల్ఫుల భాషల పుస్తకమని యర్థము. పాండిత్యమున కప్పు డంతగా చోటులేదు. చేతనున్న సామగ్రి యల్పము. అచ్చైన కథలలోని నాలుగు మాటలను పోల్చి, ఊహించి, వాదులాడుకొనుటయే పని. తరువాత 1988లో జార్జ్ క్వినోనెజ్ అనునాతడు "విన్యార్ తెంగ్వార్" అను రెండవ పత్రికను ప్రారంభించెను. ఆ పేరునకు వార్తాలేఖ లని భావము. అది తొలుత రెండు నెలల కొకమాఱు వెలువడుచుండెను. కొలదికాలమునకే దాని భారము కార్ల్ హాస్టెటర్ అనునాతనిపై బడెను. ఈయన అమెరికా అంతరిక్షపరిశోధన సంస్థలో గణకయంత్ర శాస్త్రజ్ఞుడు. పగలెల్ల ఉపగ్రహములకు సంబంధించిన పని, సాయంకాలము ఎల్ఫుల విభక్తులు! మొదటి పత్రికకు క్రిస్టఫర్ గిల్సన్ సంపాదకుడయ్యెను. వీరితో ఆర్డెన్ స్మిత్, పాట్రిక్ విన్ మొదలగువారు గలసి పాటుపడిరి. జీతమిచ్చువారు లేరు. ప్రకటనలద్వారా వచ్చు ధనము లేదు. చందాదారు లిచ్చిన సొమ్ముతో అచ్చును తపాలాఖర్చును గడచిన చాలుననుకొనిరి. పల్లెలో భజనసమాజమును నడపినవారికి ఈ లెక్క వివరించి చెప్పనక్కఱలేదు.

ఈ పత్రికలో నెట్టి చర్చలు జరుగునో మచ్చునకొకటి చెప్పెదను. ఇంగ్లీషువారికంటె మనకే ఇది సులభముగ నర్థమగును.

కథానాయకుడు ఫ్రోడో తన ప్రయాణారంభమున అడవిదారిలో ఎల్ఫులను గలిసికొని వారి భాషలోనే పలుకరించును. ఆ పలుకరింపులో "మన కలయిక" అను నర్థముగల మాట యున్నది. మొదటి కూర్పున అది ఒమెంటియెల్మో యని యుండెను. 1965 నాటి రెండవ కూర్పునుండి ఒమెంటియెల్వో యని మాఱెను. మకారము పోయి వకారము వచ్చెను. అచ్చుతప్పును దిద్దిరని కొందఱు తలచిరి. ఇందలి గుట్టు వేఱు. ఇంగ్లీషులో మనము, మేము అను రెంటికిని ఒకే మాట. మన యూరు అన్నచో వినువాని యూరును గూడ, మా యూరు అన్నచో వాడు పొరుగూరివాడని మనకు పసిబిడ్డయు చెప్పగలడు. పెండ్లిచూపులలో పిల్లతండ్రి "మా యిల్లు" అనుటకు మాఱుగా "మన యిల్లు" అన్నచో సంబంధము కుదిరినదని ముసలమ్మలు గ్రహింతురు. ఈ భేదమును టోల్కీన్ తన క్వెన్యాలో పెట్టెను. మొదట లకారమకారములు గల ప్రత్యయము మనము అను నర్థమున నుండెను. కాలక్రమమున ఆయన సర్వనామముల పట్టికనంతయు మార్చి, ఆ ప్రత్యయమును మేము అనుదానికిచ్చి, లకారవకారములు గలదానిని మనము అనుదానికి నియమించెను. అట్లు మార్చిన పిమ్మట, పాత పలుకరింపు నట్లే యుంచినచో, ఫ్రోడో ఎదుటివానిని వెలివైచి "మాలో మా కలయిక" అని పలికినట్లగును. అందుచే వృద్ధాప్యమున, అనేకులు చదువుచున్న గ్రంథములో ఒక్క హల్లును మార్పించెను.

ఇట్టి సంగతులు ఆ పత్రికలు ఆధారములతో బయటపెట్టినవి. ఆ భాషలకు స్థిరరూపము లేదనియు, గ్రంథకర్త అఱువదియేండ్లు వానిని మార్చుచునే యుండెననియు అప్పుడు స్పష్టమైనది. ఒకప్పుడు భాష మాఱెను. మఱియొకప్పుడు భాష అట్లే యుండి, మాటలాడినవారి చరిత్ర మాఱెను. వేల్సుభాషాధ్వనులు గల ఆ రెండవ భాషను మొదట నొక తెగవారిదిగ జెప్పి, "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" వ్రాయునప్పుడు దానిని మఱియొక తెగవారి కిచ్చి, సిందారిన్ అని క్రొత్తపేరు పెట్టెను.

1990 తరువాత ఈ పత్రికల దశ తిరిగెను. వీరి నిదానమును, అక్షరనిష్ఠను జూచి, క్రిస్టఫర్ టోల్కీన్ తండ్రిగారి భాషాసంబంధములైన కాగితముల ఛాయాప్రతులను వీరికి పంప నారంభించెను. లోకమున పెద్దపెద్ద ప్రకాశకులు గలరు, విశ్వవిద్యాలయములు గలవు. అయినను ఆయన ఆ కాగితములను నమ్మి యిచ్చినది జీతముబత్తెములు లేని యీ చిన్నవారికే. ఫలితముగా 1917 నాటి నిఘంటువు 1995లో పార్మా పత్రికయొక్క 11వ సంచికగాను, 1915లో నారంభించిన మొదటి క్వెన్యా నిఘంటువు 1998లో 12వ సంచికగాను వెలువడినవి. యువసైనికుడు వ్రాసిన పుస్తకము ఎనుబది యేండ్లకు పాఠకుని చేతికి వచ్చినదన్నమాట.

వారు పనిచేసిన తీరు చెప్పవలసినది. టోల్కీన్ వ్రాత సామాన్యమైనది గాదు. మొదట సీసపుకలముతో వ్రాసి, దానిపై సిరాతో మఱియొకటి వ్రాయుట, కొట్టివేసిన మాట ప్రక్కన ప్రశ్నార్థకము పెట్టుట, కాగితపు అంచులలో నింకొక యూహ నిఱికించుట ఆయన యలవాట్లు. ఈ సంపాదకులు వానిలో నేదియు వదలలేదు. ఏది ముందు వ్రాసినది, ఏది వెనుక వ్రాసినది, ఏది కొట్టివేయబడినది యని అధస్సూచికలలో వివరించిరి. అక్షరము తెలియనిచోట తెలియదనియే వ్రాసిరి. తమకు సబబని తోచినదానిని గ్రంథకర్త నోట పెట్టలేదు.

మన కడపలోనే ఇట్టి శ్రమ రెండువందల యేండ్లక్రిందట జరిగినది. 1820లో ఉద్యోగమున కిచ్చటికి వచ్చిన సి. పి. బ్రౌను తరువాతి కాలమున తన బంగళాలో పండితులను, వ్రాయసగాండ్రను పోషించి, ఊరూర తాళపత్రప్రతులను దెప్పించి, పోల్పించెను. ఆ బంగళా యున్నచోటనే నేడు ఆయన పేర భాషాపరిశోధన కేంద్ర మున్నది. వేమన పద్య మొక్కటియే పది ప్రతులలో పదివిధముల నుండుట యాయనకు తలనొప్పి యయ్యెను. 1829లో వేమన పద్యములను అచ్చువేయించి, తరువాత 1839లో మఱికొన్ని చేర్చి మరల ప్రకటించెను. ఒక భేదము మాత్రము గలదు. బ్రౌను పాఠములను పోల్చి, తనకు మేలైనదని తోచినదానిని ఎన్నుకొనెడివాడు. ఎన్నుకొనకున్నచో ఆనాడు బడిపిల్లవాని చేతికి పుస్తకమే రాకుండెడిది. వేమన స్వహస్తప్రతి లేదు గనుక ఆయనకు వేఱు దారియు లేదు. టోల్కీన్ స్వహస్తములు కండ్లయెదుట నున్నవి గనుక ఈ పత్రికవారికి ఎన్నుకొనవలసిన యవసరము లేకపోయెను.

అయితే అందఱును సంతోషించిరని తలపకుడు. ఇచ్చటనే వివాదము పుట్టినది. 2001 మొదలు 2003 వఱకు ఆ బృహత్కథ మూడు చలనచిత్రములుగా వెలువడెను. పాత్రలచేత ఎల్ఫుభాషలు మాటలాడింపవలెను. గ్రంథకర్త వ్రాసిపోయిన మాటలు చాలవు. డేవిడ్ సాలో యను భాషాపండితుడు ఉన్నదానినుండి లేనిదానిని ఊహించి సంభాషణలు కూర్చెను. 2004లో సిందారిన్ భాషకొక వ్యాకరణమును గూడ ప్రకటించెను. చిత్రములు చూచిన యువకులు వేలకొలది ఆ భాషలను నేర్వబూనిరి. ఉంగరములపై చెక్కించుకొనిరి, పెండ్లిపత్రికలలో వ్రాసికొనిరి. వారికి గావలసినది పూర్తియైన భాష. రేపు మాటలాడుటకు పనికివచ్చునది. పత్రికవారు వారికిచ్చుచున్నది 1915లో నిట్లు, 1917లో నట్లు, 1965లో వేఱొకవిధమని చెప్పు చిత్తుకాగితముల ప్రతిబింబములు. పాఠకులు విసిగిరి. కాగితములను దాచియుంచి తమకిష్టము వచ్చినప్పుడు వెలువరించుచున్నారని నిందించిరి. ఈ నిందలో కొంత న్యాయము లేకపోలేదు. విన్యార్ తెంగ్వార్ 49వ సంచిక 2007లో వచ్చినది. 50వ సంచిక 2013లోగాని రాలేదు. ఆఱేండ్లు! రెండు నెలల కొకమాఱు వచ్చిన పత్రిక కిది దీర్ఘనిద్రయే. పెండ్లాము బిడ్డలు, ఉద్యోగము గలవారు తీఱికవేళల చేయు పని యట్లే యుండునని వారి తరఫున చెప్పవచ్చును గాని, చందా కట్టినవాని యాకలి దానితో తీఱదు.

హాస్టెటర్ ఊరకుండలేదు. 2006లో నొక వ్యాసమున తన పక్షమును గట్టిగా సమర్థించెను. క్రొత్తవారు పలుకుచున్నది టోల్కీన్ భాష కాదనియు, ఏబది యేండ్ల యెడముగల ముక్కలను గలిపి కుట్టిన బొంత యనియు ఆయన వాదము. గ్రంథకర్త తానే స్వేచ్ఛగా మాటలాడజాలని భాషను, తాము మాటలాడుచున్నామనుట పొరపాటని చెప్పెను.

నా మట్టుకు నేను బొంతను నిందింపను. బొంత చలికి పనికివచ్చును. పాడుకొనువాడు తత్త్వమున నొక చరణము మఱచినచో, తనకు తోచినది కల్పి పాడుట మన యూళ్లలోను గలదు. రాత్రి సాగవలెను, తంబుర ఆగరాదు. కాని తెల్లవాఱినపిమ్మట ఆ చరణమును గురువుగారి పేర వ్రాసి అచ్చుకిచ్చినచో చిక్కు వచ్చును. అటుపిమ్మట వచ్చిన మనుమనికి రెంటిని విడదీయు సాధనము లేదు. ఆ రెండు పక్షములును ఉండవలసినవే యనియు, రెండును ఒకే పుస్తకమున కలియకుండిన చాలుననియు నా యభిప్రాయము. పత్రికవారు ఎవరిని మాటలాడవలదని యాపలేదు. కల్పినదానిపై కల్పితమను గుఱుతుండవలెనని మాత్రమే పట్టుబట్టిరి. ఆ పట్టు లేకున్నచో, మకారవకారముల భేదమును మనమెవ్వరమును తెలిసికొనియుండము. ఎవరో యొక బుద్ధిమంతుడు మొదటి కూర్పును రెండవదానితో "సరిదిద్ది" యుండును, కథ యంతతో ముగిసియుండును.

క్రిస్టఫర్ టోల్కీన్ 2020వ సంవత్సరము జనవరి నెలలో తన తొంబదియైదవయేట గతించెను. ఆ మఱుసటి సంవత్సరమున, టోల్కీన్ వృద్ధాప్యమున వ్రాసిన మఱికొన్ని కాగితములను హాస్టెటర్ పెద్ద పుస్తకముగా ప్రకటించెను. చందాసొమ్ముతో నడచిన చిన్నపత్రిక సంపాదకుని పేరు ఆ విధముగా ఆ మహాగ్రంథకర్త పేరు ప్రక్కన లోకప్రసిద్ధమైన ప్రచురణపై నిలిచెను.

మొన్నటి ఆరాధనకు మఠమునకు పోయినప్పుడు ఈ వృత్తాంతమునంతయు ఆ చేతివ్రాత ప్రతిగల వృద్ధునితో చెప్పితిని. ఆయన చాలసేపు వినెను. విని, "ఆ భాషలో మనము వేఱు, మేము వేఱంటివి. ఐతే వాండ్లు మనకు దూరపు చుట్టాలే నాయనా!" అని నవ్వెను. పిదప, నిరుడు ప్రశ్న యడిగిన యువకునే పిలిచి, అచ్చుపుస్తకమును తెప్పించి, తన ప్రతిలో లేని వాక్యము వచ్చినప్పుడెల్ల దాని ప్రక్కన సన్నని గీత పెట్టుమనియు, అచ్చుదాని నొక్కయక్షరమైనను కొట్టివేయవలదనియు చెప్పెను. వృద్ధుడు చదువుచుండగా కుఱ్ఱవాడు సీసపుకలముతో గీతలు పెట్టుచుండెను. పొద్దువాలి ప్రొద్దుటూరు బస్సు వచ్చువేళకు నాలుగు పుటలు ముగిసినవి.